రెండో గాడిలో పడని గడియ

మూత సరిగ్గా పెట్టకపోతే లోకంలో ఎలాంటి అనర్థాలు జరుగుతాయో మీకు తెలియంది కాదు. ఆవకాయ జాడీకి బూజు పడుతుంది. డబ్బాలో అప్పడాలు మెత్తబడతాయి. కుక్కరు మూత జారితే పప్పు వెళ్ళి సీలింగు ఫ్యానుకి అంటుకుంటుంది. ఇవన్నీ నేల మీద జరిగే ముచ్చట్లు. నేను మాత్రం మూత సరిగ్గా పెట్టని పాపానికి ఎనిమిది వందల అడుగుల ఎత్తున, మా మేనత్త పక్కన కూర్చుని, నోటినిండా వరిగడ్డితో దేవుళ్ళందరికీ పేరుపేరునా మొక్కినవాణ్ణి. ఆ మొక్కుల్లో సగం ఇంకా తీర్చనేలేదు. చదివి మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పదమూడేళ్ళుగా నేనూ నవ్వుకుంటూనే ఉన్నాను. కాకపోతే నవ్వు అయిపోయాక కాసేపు ఎటో చూస్తూ కూర్చుంటాను.

ముందు మా రాజ్యం అత్త గురించి చెప్పాలి. మా నాన్నకి చెల్లెలు. హైదరాబాద్‌లో పాతికేళ్ళు పిల్లలకి ఫిజిక్స్ చెప్పింది. ఆదివారాలు ఎక్కడికో వెళ్ళి వస్తుంటే సంగీతం నేర్చుకుంటోంది కాబోలనుకున్నాం. తీరా చూస్తే ఫ్లయింగ్ క్లబ్బులో విమానం నడపడం నేర్చుకుంది. ఉద్యోగం మానేసి, మావయ్యతో కలిసి చాట్రాయి దగ్గరున్న వాళ్ళ మామిడితోటకి వచ్చేశాక, కాయలు సర్దే షెడ్డులో సగం ఖాళీ చేయించింది. పెట్టెల్లో విడిభాగాలు తెప్పించుకుంది. ఒక్కొక్క మేకే కొట్టుకుంటూ ఐదేళ్ళలో ఇద్దరు పక్కపక్కన కూర్చునే బుల్లి విమానం కట్టేసింది. 'ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట' అని చుట్టాలు నవ్వారు. అత్త నిజంగానే ఉట్టి అందుకోలేని పొట్టి మనిషి. సీటు మీద రెండు దిళ్ళు వేసుకుని మరీ ఎగిరింది.

మావయ్యకి స్టూలెక్కితే కళ్ళు తిరుగుతాయి. అయినా ఆయనే పాత చెట్లు పోయిన చోట నేల చదును చేయించి, విమానం పరిగెత్తడానికి దారి వేయించారు. దాన్ని విమానం అని ఎప్పుడూ అనేవారు కాదు, 'బండి' అనేవారు. పైన కప్పే గాజు తలుపుని అత్త 'కేనపీ' అంటే, ఆయన 'మూత' అనేవారు. చివరికి అత్త కూడా మూత అనడం మొదలుపెట్టింది. పాతికేళ్ళు పాఠం చెప్పిన మనిషికి పాఠం చెప్పిన ఘనత మా మావయ్యదే.

ఎగరడానికి కావలసిన కాగితాలకి ఇంకో రెండేళ్ళు పట్టింది. అవి వచ్చి, అత్త ఒక్కత్తీ నడపవలసిన గంటలన్నీ నడిపాక, పక్క సీటులో మనిషిని ఎక్కించుకునే రోజు వచ్చింది. అప్పటికే ఆ సీటు కోసం నూజివీడు నుంచి చింతలపూడి దాకా సిఫార్సులు వస్తున్నాయి. అత్త షెడ్డు గోడ మీద సుద్దముక్కతో జాబితా రాసి, మనిషికి ఒకసారే అని కట్టడి చేసింది. జాబితాలో మొదటి పేరు నాది.

ఎందుకు నాది? అడిగాను కాబట్టి. ఏడేళ్ళూ అడుగుతూనే ఉన్నాను కాబట్టి. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. నూజివీడులో నాన్న మామిడి కొట్టులో గంపలు సర్దుతూ పెరిగాను. మామిడితోటని నేను కింద నుంచి చూశాను, కొమ్మ మీద నుంచి చూశాను, కొమ్మ విరిగి కింద పడుతూ దారిలో కూడా చూశాను. పైనుంచి మాత్రం ఎన్నడూ చూడలేదు. చిన్నప్పుడు, అత్తావాళ్ళ తోటకి దగ్గర్లోనే చెరువు పక్కనున్న మా తోటలో మంచం మీద పడుకుంటే ఆకుల సందుల్లోంచి కాకులు పోతూ కనిపించేవి. వాటికి మా తోట ఎలా కనిపిస్తుందో అని అప్పటినుంచీ ఒకటే తపన. అత్తకీ ఆ తోటే పుట్టిల్లు. తన చెయ్యి పట్టుకుని నడిచిన తోటని తన పక్కన కూర్చుని ఒక్కసారి పైనుంచి చూడాలి, అంతే నా కోరిక. అంతకన్నా పెద్ద కోరికలు నాకు ఇప్పటికీ లేవు.

మే నెల, ఏడు గంటలకే ఎండ చురుక్కుమంటోంది. నేను చిన్న రసాల బుట్టతో దిగాను.

"ఏంట్రా అది?" అంది అత్త.

"రసాలు అత్తా."

"ఎక్కడికి తీసుకెళ్తున్నావు? ఇక్కడే ఎక్కుతాం, ఇక్కడే దిగుతాం."

"మన ఇంటి ఆచారం మర్చిపోయావా? కొత్త బండికి మొదటి లోడు మామిడిపళ్ళే కదా."

అది నిజం. నాన్న స్కూటరుకీ, కొట్టు వ్యానుకీ, ఆఖరికి మా అక్క సైకిలుకీ మొదటి లోడు పళ్ళబుట్టే. ఆచారం పేరు చెప్పేసరికి అత్త మెత్తబడింది. తూకం వేసి చూసి, "నాలుగు కిలోలు. పరవాలేదు. సీటు వెనక అరలో పెట్టి పట్టీ బిగించు" అంది.

పట్టీ బిగించాను. బుట్ట మీద మూత మాత్రం బిగించలేదు. ఇక్కడ మా వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. గడ్డిలో మగ్గిన రసాల బుట్టకి మూత ఎప్పుడూ బిగించకూడదు. రెండు వేళ్ళ సందు వదలాలి. లేకపోతే లోపల ఆవిరి పట్టి పండు కమిలిపోతుంది. ఈ ఒక్క ముక్క నా బుర్రలోకి ఎక్కించడానికి మా నాన్న నా నెత్తి మీద ఎన్ని మొట్టికాయలు వేశాడో లెక్కలేదు. ఎక్కాలు మర్చిపోతానేమో గానీ, రెండు వేళ్ళ సందు మర్చిపోను.

సీట్లో కూర్చున్నాక అత్త పాఠం మొదలుపెట్టింది.

"మూత గడియ పిడి నీ వైపు ఉంది. నా చేతులకి వేరే పని ఉంటుంది కాబట్టి అది నీ పూచీ. రెండు గాడులున్నాయి. మొదటి గాడిలో వేస్తే మూత కొంచెం తెరుచుకుని ఉంటుంది, నేల మీద గాలికి. రెండో గాడిలో పడితేనే మూసుకున్నట్టు. అర్థమైందా?"

"అయింది."

"బయల్దేరే ముందు 'మూత?' అని అడుగుతాను. రెండో గాడిలో వేసి, చేత్తో పైకి నెట్టి చూసి, కదలకపోతేనే 'వేశాను' అను."

"అలాగే అత్తా."

దారి చివరకి వెళ్ళి నిలబడ్డాం. సరిగ్గా అప్పుడే ఎవరిదో గేదె దారి మధ్యకి వచ్చి, ఏదో ఆలోచిస్తున్నట్టు నిలబడిపోయింది. మావయ్య తువ్వాలు ఊపుకుంటూ దాని వెనకపడ్డారు. అది ఆయన్ని చూసి ఇంకొంచెం ఆలోచించింది. పది నిమిషాలు. ఆ గాజు గిన్నెలో మేమిద్దరం, నాలుగు కిలోల రసాలూ ఉడుకుతున్నాం. వెనక నుంచి మగ్గిన వాసన గుప్పుమని కొట్టింది. ఆ వాసన మీకు ఘుమఘుమ అనిపిస్తుంది గానీ, కొట్టులో పెరిగినవాడికి అది పండు పెట్టే కేక. నేను తిరిగి చూశాను. ఎండ తిన్నగా బుట్ట మీద పడుతోంది. మొదటి గాడిలో ఉన్న మూత సందులోంచే కాస్త గాలి వస్తోంది. ఆ సందు ఎంతుందనుకున్నారు? సరిగ్గా రెండు వేళ్ళు. మా నాన్న కొలతే!

గేదె తప్పుకుంది. ఇంజను హోరెత్తింది.

"మూత?" అంది అత్త హెడ్‌సెట్టులో.

ఇప్పుడే బిగిస్తే పళ్ళు కమిలిపోతాయి, ఇంకొక్క నిమిషం గాలి ఆడనిద్దాం, నేల వదిలాక చల్లబడుతుంది, అప్పుడు వేసేద్దాం అని నా బుర్ర సలహా చెప్పింది. ఇరవై ఆరేళ్ళలో అది నాకు సొంతంగా చెప్పిన మొదటి సలహా.

"వేశాను!" అన్నాను.

విమానం పరిగెత్తింది. కుదుపులు ఆగిపోయాయి. చెట్ల తలలు కిటికీ అంచు దాకా వచ్చి దిగిపోయాయి. ఎగిరాం! ఒళ్ళంతా పులకరించింది. ఇక చూడ్డమే అనుకుని కిందికి తల వంచబోయాను. ఇల్లు అలకగానే పండగ కాదంటారు, విమానం లేవగానే ప్రయాణమూ కాదు. ధన్‌మని తుపాకీ పేలినట్టు శబ్దం. మూత వెనక వైపు బెత్తెడు పైకి లేచింది. గాలి రంకె వేసుకుంటూ లోపలికి వచ్చి, మూత బిగించని బుట్టలో ఉన్న వరిగడ్డినంతా ఒక్క ఊపున లేపింది. కుప్పనూర్పిళ్ళలో కూడా నేను అంత గడ్డి ఒకేసారి గాల్లో చూడలేదు.

"ఏంటా శబ్దం?"

"మూత అత్తా!"

"వేశానన్నావుగా?"

"వేశాను... మొదటి గాడిలో!"

"ఒరేయ్!"

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం పాత సామెత. గాల్లోకి లేచాక గడియ పట్టుకోవడం నా సామెత. రెండు చేతులా పిడి పట్టుకుని వేలాడాను. అది రాదు. ఇంకా లాగుదామని నడుం బెల్టు విప్పేశాను. ఈ విప్పడంలో నా మోచెయ్యి వెళ్ళి అత్త పట్టుకున్న స్టిక్‌కి తగిలింది. విమానం తలవంచి భూదేవికి నమస్కారం చేయబోయింది. అత్త దాన్ని పైకెత్తి, రెండో చేత్తో నా నెత్తి మీద ఠంగున ఒక మొట్టికాయ వేసింది. మా వంశంలో మొట్టికాయ అన్నాచెల్లెళ్ళిద్దరికీ సమానంగా వచ్చిందని అప్పుడే తెలిసింది.

"చెయ్యి తియ్యి! ముందు బెల్టు పెట్టుకో!"

"మూత ఊడిపోతుంది అత్తా!"

"ఊడదు. అంతవరకే లేచి ఆగుతుంది. దాని కీళ్ళు బిగించింది నేను, నాకు తెలియదా?"

"మరి మూసేద్దాం!"

"నువ్వూ నేనూ కాదు, మీ నాన్న వచ్చినా ఈ గాలికి అది మూసుకోదు. దిగాకే. ఇప్పుడు చెప్పు, రెక్కలున్నాయా?"

"ఉన్నాయి."

"ఇంజను తిరుగుతోందా?"

"తిరుగుతోంది."

"ఎగురుతున్నామా?"

"ఎగురుతున్నాం."

"మరి మూతతో నీకేం పని? దాని సంగతి వదిలెయ్. విమానం నడపాల్సిందాన్ని నేను, నడుపుతున్నాను." థూ అని గడ్డిపరక ఒకటి ఊసి, "చుట్టూ నెమ్మదిగా ఒక మలుపు తిరిగి దిగుతాం. నువ్వు హాయిగా కిందికి చూడు" అంది.

హాయిగానా! నేను కళ్ళార్పకుండా ఆ సందునే చూస్తూ కూర్చున్నాను. నా చూపు తప్పిస్తే మూత ఎగిరిపోతుందని నాకు గట్టి నమ్మకం. చేత్తో ముట్టుకోవద్దంది గానీ, చూపుతో పట్టుకోవద్దనలేదు కదా. మోకాళ్ళు రెండూ పట్టుకుని, కంట్లో గడ్డి నలక పడుతున్నా తుడుచుకోకుండా, ఆ అద్దం అంచుని అలా చూపుతో పట్టి ఉంచాను. మధ్యలో అత్త ఏదో అంది. "అటు చూడరా, అటు" అన్నట్టు గుర్తు. నేను ఎటూ చూడలేదు. చక్రాలు నేలకి తగిలి కుదుపు మొదలయ్యాకే ఊపిరి పీల్చాను. మొత్తం ఏడు నిమిషాలు.

మావయ్య పరిగెత్తుకుంటూ వచ్చారు. "రాజ్యం! బండిలోంచి గడ్డి రాలుతోందేంటే? పిచ్చుకలు గాని గూడు పెట్టాయా?"

అత్త దిగి, గడియ ముందుకీ వెనక్కీ ఆడించి చూసి, నా వైపు తిరిగింది.

"గడియ బాగానే ఉంది. ఎందుకు వేయలేదు?"

"పళ్ళు కమిలిపోతాయని..."

అత్త నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. ఆ తర్వాత గంటసేపు మూయలేదు. "పండు కమిలితే పారేస్తాం, నువ్వు పోతే మీ అమ్మకి నేనేం చెప్పనురా? పొట్టు రాలినట్టు రాలేవాళ్ళం కదరా! వేయకపోవడం ఒక తప్పు, వేశాననడం దానికి వంద రెట్లు తప్పు!" అని దులిపేసింది. మావయ్య మధ్యలో రెండుసార్లు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు, నాకు కాదు, ఆవిడ గొంతు ఎండిపోకుండా ఆవిడకి.

అంతా అయ్యాక అత్త గొంతు మారిపోయింది. చీర కొంగుతో నా జుట్టులో గడ్డి దులిపి, నెమ్మదిగా అడిగింది.

"పోనీ, మన తోట చూశావా? కావాలనే అటు మలుపు తిప్పాను. నీకు చూపిద్దామనే. చూశావా?"

ఆవిడ కళ్ళలో ఆ ఆశ చూస్తే, చూడలేదని ఎలా చెప్పడం? పైగా ఇంకో గంట తిట్లు తినే ఓపిక నాకు లేదు.

"చూశాను అత్తా. అద్భుతం!"

"హమ్మయ్య" అంది. వెళ్ళి గోడ మీద నా పేరు పక్కన టిక్కు పెట్టింది.

అసలు ప్రమాదం అదీ. గాల్లో జరిగింది ఒట్టి ట్రైలరు.

ఆ తర్వాత పదకొండు వేసవులు అత్త విమానం ఎగిరింది. మా పాలాయన ఎక్కాడు. బడి హెడ్‌మిస్ట్రెస్ గారు ఎక్కారు. దిగినవాళ్ళంతా తిన్నగా నా దగ్గరికే వచ్చేవారు, మొదట ఎక్కినవాణ్ణి నేనే కదా. "మీరూ చూశారు కదండీ, ఆ చెరువు పక్క తోట, ఎంత బాగుందండీ!" అంటే, "అవునండీ, ఆ మలుపు దగ్గర ఇంకా బాగుంటుందండీ" అనేవాణ్ణి. ఆఖరికి స్టూలెక్కలేని మావయ్య కూడా ఎక్కారు. కళ్ళు తెరిచే చూశారట. సాయంత్రం అన్నారు, "మనం ఊళ్ళ పక్కన తోటలు వేశామనుకున్నాన్రా. కాదు. తోటల మధ్య ఎక్కడో కాస్త నేల మిగిలితే ఊళ్ళు కట్టుకున్నాం." అది విన్న రాత్రి నాకు అన్నం సయించలేదు. వాళ్ళందరి దగ్గరా ముక్క ముక్క ఏరుకుని, చూడని తోటని నేను చూసినవాళ్ళకంటే బాగా వర్ణించడం నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక మా ఆవిడకి చెప్పాను. మా పాపకి నిద్రపుచ్చే కథ అదే. చెప్పినప్పుడల్లా అది బాగా వచ్చేది.

ఒకసారి ధైర్యం చేసి, "అత్తా, ఇంకొక్కసారి..." అన్నాను.

"నువ్వు చూసేశావు కదరా. చూడనివాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారో ఆ గోడ చూడు."

చూశాను. చూడనివాళ్ళలో అందరికంటే ముందున్నవాడి పేరు పక్కన టిక్కు ఉంది.

గన్నవరంలో పెద్ద విమానం ఎక్కి చూసుకోవచ్చుగా అంటారు మీరు. ఎక్కాను. అది లేచీ లేవగానే మబ్బులోకి దూరింది. దూరకపోయినా నాకేం లాభం? దాన్ని నడిపేది మా అత్త కాదు.

రెండేళ్ళ క్రితం కంటి పరీక్షలో అత్తకి ఇక నడపకూడదన్నారు. "వాళ్ళన్నది నిజమేరా, పొద్దున పేపరే కనిపించడం లేదు" అని నవ్వేసింది. విమానాన్ని మద్రాసు వైపు కుర్రాళ్ళిద్దరికి అమ్మేసింది. రెక్కలు విప్పి లారీలో కట్టారు. నేను మోటారుసైకిలు మీద హనుమాన్ జంక్షన్ దాకా దాని వెనకే వెళ్ళాను. అక్కడ లారీలన్నీ ఆగిపోతే, దిగి వెళ్ళి, తాళ్ళ మధ్య చెయ్యి దూర్చి మూతని పైకి నెట్టి చూశాను. కదల్లేదు. ఎవరో బుద్ధిమంతుడు సరిగ్గా వేశాడు. లారీ హైవే ఎక్కాక, డ్రైవరు ఏమనుకున్నాడో గానీ, నేను అక్కడే నిలబడి ఏడ్చాను.

తిరిగి చాట్రాయి వచ్చేసరికి అత్త ఖాళీ షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇక దాచడానికి ఏం మిగిలింది?

"అత్తా, నేను ఆ రోజు తోట చూడలేదు."

"ఏ రోజు?"

"మూత రోజు. కళ్ళు మూత మీదే పెట్టుకుని కూర్చున్నాను. ఏమీ చూడలేదు. చూశానని అబద్ధం చెప్పాను."

అత్త కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఎందుకు చెప్పలేదురా ఇన్నేళ్ళూ?"

"తిడతావని."

"తిట్టేదాన్నే" అంది. "తిట్టి, ఆ సాయంత్రమే మళ్ళీ ఎక్కించుకునేదాన్ని. పోయిన వేసవిలో చెప్పినా ఎక్కించుకునేదాన్ని కదరా."

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరైనా నన్ను తమ బుల్లి విమానంలో ఎక్కించుకుంటే, పళ్ళు కమిలినా, కుళ్ళినా, నూజివీడు నూజివీడంతా ఉడికిపోయినా, మూత రెండో గాడిలోనే వేస్తాను. దిగాక "చూశావా" అని అడిగితే, చూడకపోతే చూడలేదనే చెప్తాను, ఎన్ని తిట్లయినా నిలబడి తింటాను. ఇంత కఠినమైన ప్రమాణాన్ని రెండేళ్ళుగా అక్షరం తప్పకుండా పాటిస్తున్నాను. నన్ను ఇంకా ఎవరూ ఎక్కించుకోలేదు.